అస్థిసంచయనము - అస్థిప్రక్షేపము : నిత్యకామ్య విచారణ

దహనానంతరము మిగిలిన అస్థులను ఏరి యొకచోట చేర్చుట అస్థిసంచయనము. వానిని పుణ్యజలములందు విడుచుట అస్థిప్రక్షేపము. ఇవి రెండు వేర్వేరు కర్మలు. లోకమున నివి ‘అస్థికలు కలుపుట’ యను నొక్క మాటలో కలసిపోయినవి. దానినుండి యొక భయము పుట్టినది. కాశికిగాని ప్రయాగకుగాని పోలేనివారు తమ తల్లిదండ్రులకు గతి లేకపోయెనని కుములుచున్నారు. అప్పుచేసి ప్రయాణము కట్టువారును కలరు. 2020లో మహామారివలన రాకపోకలు స్తంభించినపుడు ఎన్నియో కుంభములు శ్మశానవాటికలలోనే నిలిచిపోయినవి. గంగాప్రాప్తి లేనిచో అంత్యేష్టి అసంపూర్ణమగునా యనునదే ఇచట విచార్యము.

ముందుగా గృహ్యసూత్రములను చూడవలెను. ఆశ్వలాయనుడు నాల్గవ యధ్యాయమున సంచయనమును సవిస్తరముగా విధించెను. కృష్ణపక్షమున దశమి దాటిన పిదప బేసి తిథులందు దానిని చేయవలెను. వృద్ధులు బేసిసంఖ్యగా పోయి, శమీశాఖతో పాలు కలిపిన నీటిని అప్రదక్షిణముగా ముమ్మారు చల్లవలెను. బొటనవ్రేలితోను అనామికతోను ఒక్కొక్క యస్థిని చప్పుడు కాకుండ తీసి కుంభమున నుంచవలెను. పాదములు మొదలు, శిరస్సు తుద. పిదప ఆ కుంభమును, వాననీరు తప్ప వేరు నీరు వచ్చి చేరని గోతిలో నుంచి, మన్ను కప్పి, వెనుదిరిగి చూడక మరలి వచ్చి స్నానము చేయవలెను. దీనికి వినియోగింపబడు మంత్రములు ఋగ్వేద దశమమండలమందలి పదునెనిమిదవ సూక్తములోనివి. భూమిని తల్లిగా భావించి, ఆమె యొడిలో మృతుని ఒప్పగించుట వాని తాత్పర్యము.

ఈ ప్రకరణమున నదిమాట లేదు. కర్మ భూమియందే సమాప్తమగుచున్నది. అనగా సూత్రకారుని మతమున అస్థులకు ఆదిమస్థానము భూమియే. శతపథబ్రాహ్మణము పదుమూడవ కాండమున శ్మశానచయనమును చెప్పినపుడును ఈ భావమే కానవచ్చును.

ఇక గంగావిధి ఎచటినుండి వచ్చినది? విష్ణుధర్మసూత్రము నాల్గవనాడు సంచయనమును, గంగాజలమున ప్రక్షేపమును చెప్పి, ఆ జలమున ఎన్ని అస్థులు నిలిచియుండునో అన్ని వేలయేండ్ల స్వర్గవాసమును ఫలముగా పేర్కొన్నది. పురాణములు ఈ ఫలమునే విస్తరించినవి. మహాభారతము ఆశ్రమవాసికపర్వమున, దావాగ్నిలో దేహములు విడిచిన ధృతరాష్ట్ర గాంధారీ కుంతుల యవశేషములను యుధిష్ఠిరుడు పంపినవారు సేకరించి, మాల్యగంధములతో అర్చించి గంగలో విడిచినట్లు వర్ణితము. కావున ఆచారము ప్రాచీనమే, పూజ్యమే. దానిని తక్కువచేయుట ఈ విచారణకు ఉద్దేశము కాదు.

అయినను ఇచట పూర్వపక్షి ఇట్లడుగవచ్చును: ‘ప్రక్షేపము విహితము గదా, విహితమును విడిచినచో ప్రత్యవాయము కలుగదా?’ సమాధానము: ఈ వాక్యము స్వర్గఫలముతో కూడియున్నది. ఫలముతో కూడిన విధి ఆ ఫలమును కోరువానికి, సమర్థునకు ప్రవర్తకము. అసమర్థునకు దాని లోపమువలన దోషమును చెప్పుటకు ఆ వాక్యము చాలదు. సంచయనము అంత్యేష్టికి అంగము. గంగాప్రక్షేపము ఫలాధిక్యమునకై చేయునది. ఈ రెంటిని ఒకటిగా చేసి, రెండవది లేనిచో మొదటిదియు వ్యర్థమనుట శాస్త్రసమ్మతము కాదు.

ఆంధ్రదేశీయులకు మరియొక ఆధారము కలదు. బ్రహ్మపురాణమందలి గౌతమీమాహాత్మ్యము గోదావరిని గంగగానే కీర్తించినది. గౌతముని తపస్సుచే శివుని జటాజూటమునుండి వెలువడిన ధార యది. కావుననే ధర్మపురి, రాజమహేంద్రవరము, కోటిపల్లి మున్నగు రేవులలోను, కృష్ణాతీరక్షేత్రములలోను అస్థులు కలుపు నాచారము వేళ్లూనినది. ఇది గత్యంతరము లేక చేయు తక్కువ పని యని చిన్నబుచ్చుకొనవలసినది కాదు.

ప్రక్షేపవిధియు సులభమే. అస్థులను పంచగవ్యముతో కడిగి, సువర్ణము, తేనె, నేయి, తిలలు చేర్చి, మట్టిముద్దలో నుంచి, దక్షిణదిక్కును చూచి, ధర్మునకు నమస్కరించి, జలమున ప్రవేశించి విడువవలెను. తరువాత స్నానము, సూర్యదర్శనము, యథాశక్తి దక్షిణ. ఇందు ప్లాస్టిక్కు సంచికిగాని, లోహపాత్రకుగాని, గుడ్డమూటకుగాని తావు లేదు. నీటిలో కరగని వస్తువులను తీర్థమున పడవేయుట దోషమే కాని పుణ్యము కాదు.

విద్యుద్దహనమున అస్థులు చిన్నముక్కలుగను పొడిగను లభించును. అంగక్రమము తెలియనిచోట లభించినంత గ్రహించుటయే విధి. విదేశములందున్న వారు ఆయా దేశముల శాసనములను పాటింపవలెను. అమెరికాలో సముద్రమున విడుచువారు తీరమునకు 3 నాటికల్ మైళ్లకు ఆవల విడిచి, 30 దినములలోగా అచటి పర్యావరణ పరిరక్షణ సంస్థకు తెలుపవలెను. అచటి నదులకు ఆయా రాష్ట్రముల నిబంధనలు వేరు. కరగిపోవు పదార్థములే వేయవలెనను వారి కట్టడికిని మన మట్టిముద్దకును విరోధము లేదు.

ఆలస్యమును గూర్చియు భయము తగదు. గాంధీమహాత్ముని యస్థులు 1948 ఫిబ్రవరి 12న ప్రయాగ త్రివేణిలో కలుపబడినవి. కటక్ నగరమున బ్యాంకులో నిలిచిపోయిన యొక కలశము 1997 జనవరి 30న అదే సంగమమున కలుపబడినది. నడుమ నలువదితొమ్మిది సంవత్సరములు గడచినవి. ఆలస్యముచే ఆ కర్మ అకర్మ కాలేదు.

కావున నిర్ణయమిది. సంచయనము శ్రద్ధతో చేయవలెను. శక్తి, అవకాశము ఉన్నచో గంగ ప్రశస్తము. లేనిచో గౌతమీకృష్ణాది సమీపనదులు, సముద్రము గ్రాహ్యములు. అవియు దొరకనిచో శుద్ధమైన భూమియందు నిక్షేపము సూత్రమూలకమే. వీనిలో దేనిని ఆశ్రయించినను కుమారుడు ఋణపడియుండడు. అప్పుచేసి దూరతీర్థమునకు పోవుటకంటె ఇంట శ్రద్ధతో మాసికములు, ఆబ్దికము తప్పక జరుపుట మేలు.