ట్రాక్టరు తీగలలో లోపమును కనిపెట్టు విధము

గడచిన కోతల దినములలో నారపల్లి రైతొకరు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మమ్ము పిలిపించిరి. ట్రాలీ నిండ ధాన్యపు బస్తాలు. పోవలసినది వరంగల్లు రోడ్డు. సెల్ఫు త్రిప్పిన ‘టక్కు’ మనుటయే గాని యింజను తిరుగదు. ట్రాలీ వెనుక దీపములును వెలుగవు. బ్యాటరీ చచ్చినదని మరమ్మతుదారొకడు చెప్పగా, క్రొత్తదానికై అప్పు చేయ నిశ్చయించుకొనియుండిరి. మేమును మొదట బ్యాటరీనే శంకించితిమి.

మల్టీమీటరును 20 వోల్టుల డి.సి. గుఱుతునకు త్రిప్పి బ్యాటరీ రెండు కొనలకును తాకింపగా 12.6 చూపెను. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఛార్జియైనప్పుడు చూపవలసిన దింతే. అయినను భారము లేనప్పటి లెక్కను నమ్మరాదు. గేరు న్యూట్రలులో నుంచి, సెల్ఫు త్రిప్పించుచు మరల చూచితిమి. చెడిన బ్యాటరీయైనచో 9 కిని దిగిపోవును. ఇది 12 వద్దనే నిలిచెను. కావున కరెంటు త్రోవలో నెచ్చటనో అడ్డు కలదు.

కాలువనీరు పొలము చేరిన చాలును, తిరిగి రానక్కరలేదు. కరెంటు అట్లు గాదు. ప్లస్సు కొన నుండి బయలుదేరి, పని చేసి, మైనస్సు కొనకు మరల చేరవలెను. ట్రాక్టరులో నా తిరుగుత్రోవ యింజను, ఛాసీల యినుమే. మనవారు పోవు తీగను వెదకుదురు గాని వచ్చు త్రోవను మఱతురు.

మీటరు నల్లమొనను బ్యాటరీ మైనస్సు కొనకును, ఎఱ్ఱమొనను రంగులేని యింజను ఇనుమునకును తాకించి సెల్ఫు త్రిప్పించితిమి. ఇచ్చట అర వోల్టునకు మించరాదు. మీటరు 6 దాటెను! ఎర్తు పట్టీ బోల్టు క్రింద త్రుప్పు పేరుకొనియుండెను. ఉప్పుకాగితముతో రుద్ది, బిగించి, గ్రీజు పూయగానే యింజను తిరిగినది. పట్టీ నూడదీయునప్పుడు మైనస్సు కొననే ముందు విప్పి, కడపట బిగింపవలెను. లేనియెడల పానా ప్లస్సునకును ఇనుమునకును తగిలి నిప్పు రేగును. బ్యాటరీ చెంత బీడీ వలదని వేఱుగ చెప్పనేల?

ఇక ట్రాలీ దీపములు. బల్బునకు రెండు తీగలు కట్టిన పరీక్షదీపముతో ఫ్యూజును చూచితిమి. ఒక తీగను ఛాసీకి తగిల్చి, రెండవదానిని ఫ్యూజు ఇరుకొనలకు తాకింపవలెను. రెంట వెలిగిన ఫ్యూజు మంచిది. ఒక్కదాననే వెలిగిన తెగినది. రెంటను వెలుగకున్న స్విచ్చి వైపు వెదకవలెను. తెగిన ఫ్యూజు స్థానమున రాగితీగను చుట్టువారు కలరు. అప్పుడు ఫ్యూజునకు బదులు వైరింగు కాలును; పైన వరిగడ్డి యున్నచో నేమగునో యూహించుకొనుడు.

ఫ్యూజు మంచిదే. దీపపు తీగను ట్రాలీ యినుముతో కలిపి చూడగా పరీక్షదీపము వెలుగలేదు. పొడవైన తీగతో ట్రాక్టరు ఛాసీకి కలుపగా వెలిగెను. అనగా కొక్కెపు త్రుప్పు వలన ట్రాలీకి ఎర్తు లేదు. దీనికి ప్రత్యేకముగ నొక ఎర్తు తీగను ట్రాక్టరు నుండి లాగవలెను. ఆ రాత్రి తీగ దొరకలేదు. యింజను నడచుచున్నను, వెనుక ఎఱ్ఱదీపము లేనిదే రోడ్డెక్కవలదని బండిని అచ్చటనే నిలిపించితిమి. బస్తాలు మఱునాటి యుదయమున కదలినవి.