పాత ట్రాక్టరు లిఫ్టు లేవకపోతే ముందు ఏమి చూడాలి?



పాల సంఘం పత్రికలో ట్రాక్టరు పాఠం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పచ్చిమేత మడి దున్నాలన్నా, దమ్ము చేయాలన్నా మనలో చాలామందికి ట్రాక్టరే ఆధారం. అది మూలపడితే ఆ ఖర్చు చివరకు పాల డబ్బు మీదనే పడుతుంది.

ఒకసారి నేను సంఘం లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సభ్యుడు పూటకు నాలుగు లీటర్లిచ్చే గేదెను అమ్మకానికి పెట్టాడని తెలిసింది. కారణం అడిగితే, "లిఫ్టు లేవడం లేదండీ. పంపు పోయిందట, వెనక భాగమంతా విప్పాలంటున్నారు" అన్నాడు. "ఆయిలు చూశారా?" అన్నాను. చూడలేదు. డిప్లొమాలో నేను చదివిన యంత్రాల పాఠాలు గుర్తుకు తెచ్చుకుని, ఇంటికి వెళ్ళి ఆయిలు పుల్ల బయటకు తీయించాను. పుల్లకు అంటినది ఆయిలు కాదు, పాలు ఎక్కువైన టీ!

పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు చెబుతుంది. ఆయిలులో నీళ్ళు కలిస్తే రంగే చెబుతుంది. "గేదె అమ్మకం రెండు రోజులు ఆపండి" అని చెప్పి వచ్చాను. ఆ కథ చివర చెబుతాను. ముందు పాఠం.

లిఫ్టు పనిచేసే తీరు

మూడు బిందువుల లింకేజిని హైడ్రాలిక్ లిఫ్టుతో కలిపి వాడుకలోకి తెచ్చినవాడు హ్యారీ ఫెర్గూసన్ (1884–1960). 1960లో మద్రాసులో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్ సంస్థ ఏర్పడిన తరువాత ఆ పద్ధతి ట్రాక్టర్లు మన పల్లెలకూ విస్తారంగా వచ్చాయి. మాస్సీ ఫెర్గూసన్ 35 తరహా పాత బండ్లు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో పనిచేస్తున్నాయి. ఈ పాఠం వాటిని గురించే.

ఈ బండ్లలో గేరు పెట్టెకు, వెనక ఇరుసుకు, లిఫ్టుకు ఒకటే ఆయిలు. పంపు ఆ ఆయిలులోనే మునిగి ఉంటుంది. దానిని తిప్పేది పి.టి.ఓ. షాఫ్టు. పంపు తోసిన ఆయిలు సీటు కింద ఉన్న సిలిండరులోకి పోయి పిస్టనును నెడుతుంది. పిస్టను లిఫ్టు చేతులను లేపుతుంది. ఆయిలు ఎంత పోవాలో, ఎప్పుడు ఆగాలో కంట్రోలు వాల్వు చూసుకుంటుంది. ఈ నాలుగింటిలో ఏది తప్పినా లిఫ్టు లేవదు.

చూడవలసిన వరుస

ఖర్చు లేనిదాని నుండి ఖర్చు ఉన్నదానికి పోవాలి. పశువు మేత మానేస్తే ముందు నోరు చూస్తాము గాని పొట్ట కోయము గదా!

1. పి.టి.ఓ. లివరు: అది న్యూట్రలులో ఉంటే పంపు తిరగదు, లిఫ్టు లేవదు. పిల్లలు ఆడుకుంటూ కదిపినా ఇంతే. మొదట దీనిని ఇంజను స్థానంలో వేసి చూడండి.

2. క్లచ్చి: రెండు దశల క్లచ్చి ఉన్న బండ్లలో పెడలు సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి. పూర్తిగా తొక్కితే పంపు కూడా ఆగుతుంది. సాలు చివర పెడలు అడుగంటా తొక్కి కల్టివేటరు లేవలేదంటే తప్పు లిఫ్టుది కాదు.

3. లివర్ల స్థానం: సీటు పక్క రెండు లివర్లుంటాయి. ఒకటి పనిముట్టు ఎత్తుకు, రెండవది దున్నేటప్పుడు లాగుడు బరువుకు. లాగుడు లివరు కిందికి దించి ఉంటే ఎత్తు లివరు ఎంత లేపినా ఫలితం ఉండదు. దానిని పైకి పెట్టి మళ్ళీ ప్రయత్నించండి.

4. ఆయిలు మట్టం: బండిని సమతలంలో నిలిపి, ఇంజను ఆపి చూడాలి. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. ఆయిలు నురుగు కడుతుంది, పంపు ఈల వేసినట్లు అరుస్తుంది.

5. ఆయిలు రంగు: తెల్లబడిందా? ఒక గాజు సీసాలో కొంచెం తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. నీరు విడిపోయి అడుగున చేరితే సందేహం తీరినట్లే. గేరు రాడ్డు దగ్గరి రబ్బరు తొడుగు చినిగితే వాననీరు అక్కడి నుండే దిగుతుంది. దమ్ములో ఇరుసు వరకు దిగిన బండికి సీళ్ళు అరిగి ఉంటే అక్కడి నుండీ నీరు చేరుతుంది.

ఈ అయిదూ సరిగా ఉన్న తరువాతనే మెకానిక్కును పిలవండి. అప్పుడు కూడా "లిఫ్టు పోయింది" అని ఊరుకోకుండా లక్షణం చెప్పండి.

లక్షణము – అనుమానించవలసినది

అసలు లేవదు: పంపు జల్లెడ మూసుకుపోవడం, లేదా బండి చాలాకాలం నిలిచి కంట్రోలు వాల్వు పట్టేయడం.

లేచి దిగదు: కంట్రోలు వాల్వు పట్టేయడం, లేదా దానిని కదిపే లింకులు వంగడం.

ఉత్తగా లేస్తుంది, బరువుతో లేవదు: పంపు అరుగుదల, రిలీఫ్ వాల్వు బలహీనత, లేదా లోపల ఎక్కడో ఆయిలు కారడం.

చల్లగా ఉన్నప్పుడు లేస్తుంది, వేడెక్కితే లేవదు: వేడికి ఆయిలు పలుచనై అరిగిన సందుల్లోంచి జారిపోతున్నది.

లేచిన పనిముట్టు తల ఊపినట్లు కిందికీ పైకీ ఆడుతుంది, ఇంజను ఆపితే చూస్తుండగానే దిగిపోతుంది: సిలిండరు పిస్టను సీలు, లేదా పంపు నుండి పైకి పోయే గొట్టం వాషర్లు. ఆయిలు కారుతున్నంతసేపూ పంపు మళ్ళీ నింపుతూ ఉంటుంది గనుక ఆ ఊపు వస్తుంది.

ప్రాణం ముందు

లేపిన కల్టివేటరు కింద కాలు గాని, చెయ్యి గాని పెట్టకండి. పైన దానిని ఆపి ఉంచినది ఇనుము కాదు, సిలిండరులో ఉన్న ఆయిలు మాత్రమే. కొర్రు బోల్టు బిగించడానికి కూర్చున్న ఒక కుర్రవాని పాదానికి జానెడు దూరంలో కల్టివేటరు దిగడం నేను కళ్ళారా చూశాను. ఎవరూ లివరు ముట్టుకోలేదు, సీలు అరిగింది, అంతే. పని ఉంటే పనిముట్టును నేలకు దించండి. లేపి ఉంచక తప్పకపోతే కింద బలమైన దిమ్మెలు పెట్టండి. బండి దిగే ముందు పనిముట్టు నేలమీద ఉండాలి.

ఒత్తిడితో చిమ్మే ఆయిలు సన్నని ధారయినా చర్మం లోపలికి దూరుతుంది. కారుడు ఎక్కడో చేత్తో వెదకవద్దు.

చెప్పవలసిన కథ చివర

ఆ సభ్యుడు అడుగున ఉన్న డ్రెయిన్ బిరడాలన్నీ తీసి పాత ఆయిలంతా వదిలాడు. మెకానిక్కు పక్క మూత విప్పి జల్లెడ కడిగాడు. గేరు రాడ్డుకు కొత్త రబ్బరు తొడుగు, లోపలికి పుస్తకంలో చెప్పిన రకం కొత్త ఆయిలు. లిఫ్టు లేచింది. అయితే కొంచెం తల ఊపింది, పిస్టను సీలు అరిగి ఉన్నందువల్ల. దానిని కోతల తరువాత మార్పించుకున్నాడు. విప్పవలసి వచ్చింది నిజమే, కాని ఎంత విప్పాలో తెలిసి విప్పించాడు.

గేదె కొట్టంలోనే ఉంది. నేను తిరిగి వెళ్ళిన పూట దాని పాలు సంఘంలో కొలవడం చూశాను.

వచ్చే సంఘ సమావేశంలో చర్చకు

1. మీ ట్రాక్టరు ఆయిలు పుల్ల చివరిసారి ఎప్పుడు చూశారు?
2. గేరు రాడ్డు రబ్బరు తొడుగు ఈ వానలకు ముందు బాగున్నదా?
3. లేపిన పనిముట్టు కిందకు పోరాదని మీ ఇంటి పిల్లలకు, బండి తోలే మనిషికి చెప్పారా?

మూడవ ప్రశ్నకు జవాబు సమావేశం దాకా ఆపవద్దు. ఈ పూటే చెప్పండి.