న్యుమోనియా: తేలికపాటిదియు, తీవ్రమైనదియు

గడచిన మార్గశిరమాసమున మేము శనగచేలను చూడబోయిన గ్రామమున నొక రైతు తన మూడేండ్ల బిడ్డను భుజముపై వేసికొని గట్టుకడకు వచ్చెను. “నాలుగు దినములనుండి జలుబండీ. ఒళ్లు అంతగా కాలుట లేదు గనుక ఊరకున్నాము” అనెను. చొక్కా యెత్తి చూచితిమి. ఊపిరి పీల్చినప్పుడెల్ల ప్రక్కటెముకల క్రింద గుంటపడుచుండెను. మన పల్లెలలో డొక్కలెగురవేయుట యనునది యిదియే. గడియారము పట్టి లెక్కింపగా నిమిషమునకు 52 శ్వాసలు. వెంటనే ఆసుపత్రికి పంపితిమి; బిడ్డ బ్రదికెను.

ఆ తండ్రి వేడిమినిబట్టి రోగమును తూచెను. తూచవలసినది శ్వాసను.

నీరు నిలిచిన మిరపచేనిలో వేళ్లకు గాలి యందదు గదా. ఊపిరితిత్తులలోని సన్నని గాలితిత్తులు చీముతో, నీటితో నిండుటయే న్యుమోనియా. చాలని గాలికై రోగి త్వరత్వరగా ఊపిరి తీయును.

తేలికపాటి రకము కలదు. మైకోప్లాస్మా యను సూక్ష్మజీవి సోకినవారు పొడిదగ్గుతో, కొద్ది జ్వరముతో వారములతరబడి పొలము పనియు చేయుచుందురు. వైద్యునికి చూపిన చాలును. చాలమందికి ఇంటిలోనే నయమగును.

బిడ్డలవిషయమున లెక్క ముఖ్యము. ఏడ్చునప్పుడుగాని పాలు త్రాగునప్పుడుగాని లెక్కింపరాదు. నెమ్మదిగా నున్నప్పుడు నిండు నిమిషము కడుపు కదలికను చూడవలెను. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేండ్లలోపు 40 శ్వాసలుగాని అంతకు మించిగాని యున్నచో ఆ దినముననే వైద్యునికి చూపవలెను. డొక్కలెగురవేయుట, పాలు త్రాగలేకుండుట, త్రాగినదెల్ల కక్కుట, ఫిట్సు, మగత, పెదవులు నీలమగుట వీనిలో ఏ యొక్కటి కనిపించినను రోగము తీవ్రము. అర్ధరాత్రియైనను 108 బండిని పిలువవలసినదే. రెండు నెలలలోపు శిశువుకు శ్వాస వేగమొక్కటియే యైనను ఆసుపత్రికి గొనిపోవలెను. ముసలివారిలో జ్వరమే రాకపోవచ్చును; మాట తడబడి, మనుష్యులను గుర్తింపకుండుటయే మొదటి గుర్తు కావచ్చును.

కొన్నియిండ్లలో నేటికిని బిడ్డ కడుపుపై వాతలు పెట్టుచున్నారు. ఇంతకన్న క్రూరమైన కాలహరణమును మేమెరుగము. కాలినగాయమునకు తోడు, ఆసుపత్రికి చేరవలసిన పూట వృథాయగును.

వైద్యుడిచ్చిన మాత్రలను బిడ్డ తేరుకొనెనని నడుమ మానరాదు. కట్టెపొయ్యి పొగలో పసిబిడ్డను పరుండబెట్టరాదు. ఈ రోగమును కలిగించు ముఖ్య సూక్ష్మజీవియైన న్యుమోకాకస్‌కు టీకా కలదు. 2021 నుండి దేశమంతట ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు వేయింపవలెను. బిడ్డ టీకాకార్డులో ఈ మూడును పడినవో లేదో ఏ.ఎన్.ఎం. గారు వచ్చిననాడు చూపి యడుగుడు.