అడగకముందే చెప్పేవాడి దర్జా

సొంత రైఫిల్‌తో విమానమెక్కి విదేశానికి వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. లైసెన్సు చేతిలో పట్టుకుని, కౌంటరు దగ్గర నోరారా చెప్పి మరీ వెళ్లొచ్చు. అదే విమానంలో నాలుగు వరసల వెనక ఇంకొకాయన ఉంటాడు. నాటుకోడి పచ్చడి సీసాను పంచెల మడతల్లో కుక్కేసి, దిగేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. రైఫిల్ ఉన్నాయన హాయిగా కునుకు తీస్తాడు, పచ్చడి ఉన్నాయనకు కంటిమీద కునుకుండదు. మొదటాయన తన దగ్గరున్నది అడగకముందే చెప్పేశాడు. రెండో ఆయన ఎవరూ అడక్కపోతే బాగుండునని దేవుడికి మొక్కుకుంటున్నాడు.

అమెరికాలో మాంసం కలిసిన పచ్చళ్లను లోపలికి రానివ్వరు. ‘నా పెట్టెలో ఇది ఉంది’ అని ఫారంలో రాస్తే సీసా పోతుంది, మనిషి క్షేమంగా బయటికొస్తాడు. రాయకుండా దొరికితే సీసా పోతుంది, జరిమానా పడుతుంది, మళ్లీ వచ్చినప్పుడు పక్కకు పిలిచి పెట్టెలు విప్పించవచ్చు. ఆస్ట్రేలియాలో అయితే ఆ జరిమానా వేల డాలర్లు. ఆత్రేయపురం పూతరేకులు, పచ్చళ్లు సర్దుకుని రాజమండ్రి నుంచి, భీమవరం నుంచి ఏటా బయల్దేరే మన పిల్లలకు ఈ సంగతి ముందు చెప్పాలి. ఎందుకంటే ముందే చెప్పే అలవాటు అక్కడికి వెళ్లాక వచ్చేది కాదు, ఇక్కడినుంచే తీసుకెళ్లాలి. ఆ అలవాటుకు రైఫిల్ పెట్టె ప్రయాణాన్ని మించిన పాఠం నాకైతే కనబడలేదు.

మన గోదావరి డెల్టాలో వేట తుపాకి కాలం ఎప్పుడో వెళ్లిపోయింది. కొల్లేట్లో బాతుల వేట, పాపికొండల్లో షికారు తాతల నాటి కబుర్లు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేటకు ఉన్న దారులు దాదాపు మూసుకుపోయాయి. కోరింగ 1978లో, కొల్లేరు 1999లో అభయారణ్యాలయ్యాయి. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానమయ్యాయి. అది మంచికే జరిగింది. అయినా కొన్ని పాత ఇళ్లలో లైసెన్సు తుపాకులు ఇంకా ఉన్నాయి. ఎన్నికల కోడ్ రాగానే వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం ఆ ఇళ్ల పెద్దలకు మామూలే. తుపాకి గడప దాటిందంటే వెంట కాగితం ఉండి తీరాలన్నది వాళ్లకు చిన్నప్పుడే ఒంటబట్టింది.

ఇవాళ తెలుగు నేల నుంచి తుపాకి పట్టుకుని దేశాలు తిరిగేది షూటింగ్ క్రీడాకారులు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్‌తో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌దాకా వెళ్లింది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ రాకెట్ల సంచి భుజాన వేసుకుని ఏ దేశమైనా వెళ్లిపోతాడు, అందులో ఏముందని నిలదీసేవాళ్లు ఉండరు. షూటర్‌కు ఆ వెసులుబాటు లేదు. పోటీలో మొదటి గుండు పేల్చకముందే అరడజను బల్లల ముందు నిలబడి ‘నేనెవరు, ఇదేమిటి, ఎందుకు తీసుకెళ్తున్నాను’ అని చెప్పుకోవాలి. ఆ చెప్పుకోవడాన్ని వాళ్లు చిన్నతనంగా అనుకోరు. గురి చూడటంలాగే దాన్నీ సాధన చేస్తారు.

ఆ సాధన ఎలా ఉంటుందో కాస్త దగ్గరికెళ్లి చూద్దాం. రైఫిల్ గట్టి పెట్టెలో ఉండాలి, తాళం పడాలి, తాళంచెవి యజమాని దగ్గరే ఉండాలి. లోపల తుపాకి ఖాళీగా ఉండాలి. చాలామంది బోల్ట్ కూడా తీసి పక్కన పెడతారు, మూత తెరవగానే ఖాళీ అని కంటికి తెలిసిపోవడానికి. ఎయిర్ రైఫిల్ అయితే గాలి సిలిండర్ విప్పి, గాలి తీసేసి సర్దుతారు. తూటాలు విడిగా, వాటి పెట్టెలోనే ఉండాలి. అంతర్జాతీయ విమానయాన నిబంధన ప్రకారం మనిషికి 5 కిలోలకు మించకూడదు. ఇవన్నీ విమానం అడుగునున్న సామాన్ల అరలోకే వెళ్తాయి, చేతి సంచిలో పనికిరావు. లైసెన్సు మీదున్న తుపాకి నంబరు, తుపాకి మీద చెక్కిన నంబరు, విదేశీ అనుమతి పత్రంలోని నంబరు మూడూ ఒక్కటే కావాలి. ఒక్క అంకె తేడా వస్తే ప్రయాణం అక్కడితో సరి. అందుకే అనుభవజ్ఞులు బయల్దేరేముందు పెట్టె తెరిచి, తుపాకి మీది నంబరు మీద వేలు పెట్టి, కాగితాల్లోది పైకి చదివి సరిచూసుకుంటారు. జ్ఞాపకాన్ని నమ్మరు.

కాగితాల పని నెలల ముందే మొదలవుతుంది. బ్రిటన్ వెళ్లాలంటే విజిటర్ పర్మిట్ కావాలి. దానికి దరఖాస్తు పెట్టేది మనం కాదు, అక్కడ మనల్ని పిలిచిన మనిషి మన తరఫున పోలీసులకు పెడతాడు. అంటే మన నడత మీద నమ్మకంతో పూచీ పడేవాడు ఒకడు ముందు దొరకాలి. అమెరికాకైతే అక్కడి తుపాకుల నియంత్రణ సంస్థ ఏటీఎఫ్ ఫారం 6కు అనుమతి వచ్చాకే బయల్దేరాలి, వేట లైసెన్సో పోటీ ఆహ్వానమో చూపించాలి. కెనడాలో డిక్లరేషన్ ఫారం నింపి రుసుము కడితే 60 రోజులు చెల్లుతుంది. దక్షిణాఫ్రికాలో ఎస్ఏపీఎస్ 520 ఫారంతో పోలీసుల తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. దారిలో విమానం మారే దేశం ఉంటే దాని నిబంధన కూడా ముందే కనుక్కోవాలి. ‘అక్కడ మనం దిగేది రెండు గంటలేగా’ అనే మాట తుపాకి దగ్గర చెల్లదు. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి నేరుగా విదేశానికి విమానం లేదు కాబట్టి మనవాళ్లకు బల్లలు మరీ ఎక్కువ. ఇక్కడొకసారి, హైదరాబాద్‌లోనో దిల్లీలోనో ఇంకోసారి, కస్టమ్స్ దగ్గర మరోసారి చెప్పుకోవాలి. వెళ్లేటప్పుడే కస్టమ్స్‌వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు ‘ఇది బయట కొన్నది కాదు, నాదే’ అని రుజువు చేసుకోనక్కర్లేదు. విలువైన కెమెరాకూ నగలకూ కూడా ఇదే ఉపాయం పనిచేస్తుందని చాలామందికి తెలియదు.

ఎలా చెబుతామన్నది కూడా ముఖ్యమే. క్యూలో నిలబడి ‘నా దగ్గర గన్ ఉంది’ అని గట్టిగా అన్నారనుకోండి, నిజమే చెప్పినా చుట్టుపక్కలవాళ్లు హడలిపోతారు. అనుభవమున్న షూటర్ అలా అనడు. కౌంటరు ముందుకెళ్లి, కాగితాల ఫైలు బల్ల మీద పెట్టి, ‘పోటీకి వెళ్తున్నానండీ, సామాన్లలో స్పోర్ట్స్ రైఫిల్ డిక్లేర్ చేయాలి, లైసెన్సు ఇదిగోండి’ అంటాడు. ముందు పని, తర్వాత వస్తువు, వెంటనే రుజువు. అధికారి తెరవమనేదాకా పెట్టె మీద చెయ్యి వేయడు. తెరిచాక ఒక అడుగు వెనక్కి వేసి నిలబడతాడు. మీరు మీ ఆఫీసులో చెప్పాల్సిన చేదు వార్తకూ ఇదే వరస వాడి చూడండి. ప్రాజెక్టు గడువు తప్పబోతోందంటే, బాసు అడిగేదాకా ఆగకుండా, ఏ పని, ఎక్కడ ఆగింది, ఎప్పటికి అవుతుంది అన్న కాగితం పట్టుకుని మీరే వెళ్లండి. ఎదుటివాడికి కోపం రావచ్చు, అనుమానం మాత్రం రాదు. కోపం సాయంత్రానికి చల్లారుతుంది. అనుమానం పదోన్నతి జాబితా దాకా వెంటాడుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా ఆపేసే రోజు ఒకటి వస్తుంది. 2021 ఫిబ్రవరిలో మను భాకర్ దిల్లీ నుంచి భోపాల్‌కు సాధన కోసం వెళ్తుంటే, పిస్టళ్లకు కావాల్సిన అనుమతి పత్రాలు తన దగ్గరున్నా విమానాశ్రయంలో సిబ్బంది అడ్డుకున్నారు. ఆమె బహిరంగంగా విషయం చెప్పింది, అప్పటి క్రీడా మంత్రి కిరెన్ రిజిజు కలగజేసుకున్నాక విమానమెక్కింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె రెండు కాంస్య పతకాలు గెలవడం అందరికీ తెలుసు. ఆ రోజు ఆమె గట్టిగా నిలబడగలిగిందంటే చేతిలో కాగితం ఉండబట్టే. మంత్రికి చేరేంత గొంతు మనందరికీ ఉండదు. కానీ రెండు గంటలు ముందు చేరుకోవడం, కాగితాలు మూడు నకళ్లు ఉంచుకోవడం, గొంతు పెంచకుండా ‘మీ పైఅధికారితో మాట్లాడించండి’ అని అడగడం మన చేతిలోనివే. తప్పు చేయనివాడు కూడా అరిస్తే తప్పు చేసినవాడిలాగే కనిపిస్తాడు. ఇది అన్యాయమే, కానీ బల్లకు అవతల కూర్చున్నవాడికి మన ముఖం తప్ప మన చరిత్ర తెలియదు.

దాచాలన్న ఉద్దేశం లేకపోయినా ఇరుక్కునేవాళ్లు ఉన్నారు. విదేశంలో స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్లిన కుర్రాడు అదే సంచితో ఇండియాకు వస్తాడు. జేబు మూలలో ఒక్క తూటా మిగిలిపోయి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఎక్స్‌రేలో అది కనబడుతుంది. ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కేసు. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా లేదా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులోనే చెప్పింది. ఆ దారిన కేసు కొట్టేయించుకోవచ్చు. కానీ విమానం వెళ్లిపోతుంది, సెలవులు అయిపోతాయి, కోర్టు చుట్టూ తిరగడం మిగులుతుంది. రేంజికి వెళ్లే సంచి వేరే ఉంచుకోండి. ఏ ప్రయాణానికైనా సంచిని తిరగేసి దులిపి, ఖాళీ చేశాకే సర్దడం మొదలుపెట్టండి. మన దగ్గర ఏముందో మనకే తెలియకపోతే ఇంకొకరికి ముందుగా ఏం చెప్పగలం?

జీవితంలోని పెట్టెలకూ ఇదే సూత్రం. గతంలో ఒకసారి వీసా నిరాకరించారనుకోండి. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ఆ ప్రశ్న సూటిగానే ఉంటుంది. నిరాకరణ ఉన్నవాళ్లకూ తర్వాత వీసాలు వస్తూనే ఉన్నాయి. దాన్ని కావాలని దాచి అబద్ధం రాసినట్టు తేలితే మాత్రం శాశ్వతంగా తలుపు మూసుకుపోవచ్చు. ఇంజినీరింగ్‌లో బ్యాక్‌లాగులు, ఉద్యోగాల మధ్య ఖాళీ కాలం కూడా అంతే. ఇంటర్వ్యూలో మీ నోట ముందుగా వస్తే అది మీ కథ. వాళ్లు తవ్వి తీస్తే అది మీ మీద ఫిర్యాదు.

మా భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద అప్పులేని ఇళ్లు తక్కువే. వ్యాపారమన్నాక అప్పుంటుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ సంబంధం మాట్లాడుకునే మొదటి రోజునే అబ్బాయి తండ్రి ‘బావగారూ, చెరువుల మీద బ్యాంకులో ఇంత ఉంది, ఏడాదిలో ఇంత తీర్చాం’ అని చెబితే అవతలివాళ్లకు అదొక అంకె. తాంబూలాలయ్యాక ఇంకెవరో వచ్చి అదే అంకె చెవిలో వేస్తే, అది మోసం. అంకె మారలేదు, చెప్పిన నోరు మారింది. పెళ్లి మాటల్లోనే ముందు చెప్పే ధైర్యమున్న ఇంటికి పిల్లనివ్వడానికి నేనైతే వెనకాడను.

ముందే చెప్పడమంటే ఊరంతా చాటడమని మాత్రం పొరబడొద్దు. రైఫిల్ పెట్టె మీద ‘రైఫిల్’ అని రాసుకుని ఎవరూ తిరగరు. వినాల్సినవాళ్లు ఎవరో తెలుసుకుని వాళ్లకే చెబుతారు, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకుంటారు. మీ అప్పు బ్యాంకుకూ కాబోయే వియ్యంకులకూ తెలియాలి, టీకొట్టు బెంచీకి అక్కర్లేదు. మీ ఆరోగ్యం సంగతి డాక్టరుకు పూర్తిగా చెప్పాలి, బీమా ఫారంలో ఉన్నదున్నట్టు రాయాలి, ఎదురింటివాళ్లకు చెప్పకపోతే కొంపేం మునగదు. ఎవరికి చెప్పాలో తేల్చుకోలేకే మనలో చాలామంది అనవసరమైన చోట వాగేసి, అవసరమైన చోట నోరు కట్టేసుకుంటారు.

ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవారు ఈ వారమే లైసెన్సు బయటికి తీయండి. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత కొత్త లైసెన్సుకు, రెన్యువల్‌కు గడువు ఐదేళ్లు, ఒకరి పేరున రెండు తుపాకులకు మించి ఉండకూడదు. యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య లైసెన్సు మీద ఉందో లేదో చూడండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి కాబట్టి మీ రికార్డు ఇప్పుడు రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు కలెక్టరేట్లలో ఎక్కడుందో కనుక్కోండి. తుపాకి లేనివారు, ఇన్నాళ్లూ చెప్పకుండా నెట్టుకొస్తున్న విషయం ఒకటుంటే, దాన్ని వినాల్సిన మనిషి ఎవరో ఈ రాత్రికి తేల్చుకోండి. సంబంధించిన కాగితం దగ్గర పెట్టుకుని, రేపు పొద్దున్నే వారికి ఫోన్ చేసి మీ నోటితో మీరే చెప్పండి.