స్వరము అందరిది, సాక్ష్యము ఎవరిది వారిది

ధ్యానభాగము: 1 కొరింథీ. 14:15, 16



పాట ఆత్మలోనుండియు బుద్ధిలోనుండియు రావలెనని పౌలు ఈ భాగమున బోధించుచున్నాడు. వెంటనే సభలో కూర్చున్న క్రొత్తవానిని జ్ఞాపకము చేయుచున్నాడు. మన మాట వానికి బోధపడనియెడల వాడు ఆమేన్ అనుట యెట్లని ఆయన విచారము. ఆ విచారము మనకున్నదా?

నా తప్పు ముందు ఒప్పుకొందును. సెమినరీలో సంగీతము నేర్చి వచ్చి, కంఠము బాగున్న అయిదారుగురిని హార్మోనియము చుట్టు కూర్చుండబెట్టితిని. మిగిలిన సంఘము వినుటకే అలవాటుపడెను. శ్రుతి తప్పుచున్నావని ఒక వృద్ధురాలితో అంటిని. ఆమె పాడుటయే మానెను.

తరువాత అమెరికా దేశపు పాత పద్ధతి ఒకటి తెలిసికొంటిని. పల్లెజనులు తేలికగా నేర్చుకొనుటకు 1801లో విలియం లిటిల్, విలియం స్మిత్ అనువారు స్వరములకు ఆకారములు పెట్టిరి: ఫాకు త్రిభుజము, సోల్‌కు వృత్తము, లాకు చతురము, మీకి వజ్రపు ఆకారము. మన స రి గ మ ప ద ని అనునవి అక్కడ ఫా సోల్ లా ఫా సోల్ లా మీ. ఈ పద్ధతిలోనే బి. ఎఫ్. వైట్, ఇ. జె. కింగ్ 1844లో ‘సేక్రెడ్ హార్ప్’ అను కీర్తనల పుస్తకము ప్రకటించిరి. గాయకులు నాలుగు వైపుల ఎదురెదురుగా కూర్చుందురు. నడిపించువాడు నడుమ నిలుచును. అక్కడ వినువారని వేరుగా లేరు. మొదట స్వరముల పేర్లు, తరువాతనే మాటలు పాడుదురు. నేడు ఆ వరుసలలో పలు సంఘములవారును, యూదులును, ఏ మతమునకు చేరనివారును కూర్చుందురు.

శనివారము సాయంకాలము మందిరపు వసారాలో ముగ్గుపిండితో ఆ ఆకారములు వేయించి పాఠము మొదలుపెట్టితిని. అంతకుముందే ఆ వృద్ధురాలి యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిని. ఆమె వచ్చి చాపమీద కూర్చుండెను.

రెండవ వారము, రామభజనలో మృదంగము వాయించు పొరుగతడు గుమ్మమునొద్ద నిలిచి, “నానూ కూకోవచ్చా అయ్యగోరూ?” అనెను. సంఘకీర్తన బయటివారు పాడవచ్చునా అని పెద్దలు సందేహించిరి. నేనును సందేహించితిని. అయినను చోటిచ్చితిమి.

ఆనాటి పాఠము ‘అమేజింగ్ గ్రేస్’. జాన్ న్యూటన్ 1779లో ప్రకటించిన ఆ మాటలకు 1835లో విలియం వాకర్ నేటి రాగము జతపరచెను. స్వరములు పాడునప్పుడు మా అందరికంటె తాళము తప్పనివాడు ఆ పొరుగతడే. తెలుగు మాటలు వచ్చినప్పుడు పెదవులు మూసికొని తొడమీద తాళము మాత్రము వేసెను. నేను బలవంతపెట్టలేదు. అతనికొరకు మాట మార్చనూ లేదు. లేచి పోవునప్పుడు, “కృపంటే ఏటి అయ్యగోరూ?” అని అడిగెను. ఇన్నేండ్ల నా ప్రసంగములకు రాని ప్రశ్న అది!

మన ప్రాంతమునకు ఇది క్రొత్త కాదు. పర్లాకిమిడి సీమలో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పొరుగువారు ఎరిగిన రాగతాళములలోనే సువార్తను కీర్తించిరి. రాగము అందరిది, దానిపై మోపిన మాట విశ్వాసియొక్క సాక్ష్యము. రాగమునకు తలుపు వేయరాదు. సాక్ష్యమును పలుచన చేయరాదు. ఎవని నోటను దానిని బలవంతముగా పెట్టరాదు.

ఆలోచించుడి:
1. మన మందిరములో ఎవరి నోరు మూయించితిమి?
2. పొరుగువాడు వచ్చినయెడల చాప చూపుదుమా, గుమ్మము చూపుదుమా?
3. మనము పాడు మాటకు అర్థమడిగినయెడల ఏమి చెప్పుదుము?