మడమ నెత్తురు, ఊరి ఉప్పు

ప్రశ్న: మనుమరాలికి నాలుగవనాడు మడమ నెత్తురు పరీక్షించి టీఎస్‌హెచ్ 8 అన్నారు. ఫ్లోరైడు నీళ్ళ వల్లనేనా? – ఒక నాయనమ్మ, దేవరకొండ

జవాబు: అమ్మా, ఈ ఒక్క అంకెను బట్టి నీళ్ళపై నేరము మోపరాదు. అంకె పెరుగుటకు వేరు కారణములును గలవు; తల్లి ఆహారమున అయోడిను కొరవడినచో, శిశువు కంఠమందలి థైరాయిడు గ్రంథిని ప్రేరేపించుటకై మెదడు అడుగుననున్న గ్రంథి టీఎస్‌హెచ్‌ను అధికముగా పంపును. కావుననే, మూడు దినములు నిండిన శిశువులలో టీఎస్‌హెచ్ 5 దాటినవారు నూటికి మువ్వురికి లోపుగా నున్నచో ఆ సీమకు అయోడిను చాలినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కించినది. అది ఊరికి కొలత గాని బిడ్డకు గాదు. పునఃపరీక్షకు సాధారణముగా 20 దాటవలెను. కాన్పువేళ తల్లికి పూసిన అయోడిను మందు సైతము అంకెను పెంచగలదు.

ఇంట దొడ్డుప్పు మాని, అయోడిను ఉప్పును మూతపెట్టి పొయ్యికి దూరముగా నుంచుడు, తల్లిపాలు మానరాదు. బిడ్డ మగతగా నున్నను, పాలు సరిగా త్రాగకున్నను, కామెర్లు రెండు వారములు దాటినను, ఆ దినముననే జిల్లా ఆసుపత్రిలోని పిల్లల వైద్యునికి చూపుడు.