చిట్టెలుక రక్తబిందువును కొలుచు ఉద్యోగము

25 గ్రాముల తూకముగల చిట్టెలుక దేహమందలి రక్తమంతయు రెండు మిల్లీలీటర్లకు కొంచెము తక్కువ. అందును ఒక పర్యాయము తీయదగినది పదవవంతును మించరాదు. అందుండి వేరుచేయగా లభించు సగపాలు సీరములో, మిల్లీలీటరునకు కొన్ని పికోగ్రాములకు మించని ఎస్ట్రాడయోలు అను హార్మోనును పట్టి లెక్కకట్టుటకు చేతినేర్పును సందేహబుద్ధియు గలవారు కావలయును. ఇట్టివారు జీవశాస్త్ర పట్టభద్రులలో అరుదని నా యభిప్రాయము.

ఇన్సులినును కొలుచుటకై రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనువారు అమెరికాలో రూపొందించిన రేడియో ఇమ్యునో అస్సే, హార్మోనుల శాస్త్రమునే మార్చివైచెను. 1977లో యాలోకు నోబెల్ బహుమతి లభించునాటికి బెర్సన్ జీవించిలేడు. రేడియోధార్మిక అయొడిను అక్కరలేని ఎలైసా 1971లో వెలువడినది. ఉద్యోగార్థికి నేడు మొదట తారసపడునది ఇదియే. స్టీరాయిడ్లకు మాస్ స్పెక్ట్రోమెట్రీ మరింత నమ్మదగినదైనను వ్యయము హెచ్చు.

అయినను యంత్రము నడుపుట కొలది దినములలో పట్టువడును. యంత్రము చూపిన అంకెను ఎప్పుడు నమ్మరాదో తెలియుటయే కష్టము. ఆడ ఎలుకకు ఋతుచక్రము నాలుగైదు దినములే గాన, ప్రతిదినము ఉదయమున యోనిస్రావపు స్మియరును సూక్ష్మదర్శినిలో పరీక్షించి దశను గుర్తింపనివాడు, ఆ దశలలో ఒకటైన ప్రోఈస్ట్రస్ నాటి సాయంకాలమున, దీపములార్పు వేళకు సమీపముగ ఉప్పొంగు ల్యూటినైజింగ్ హార్మోనును మరునాటి రక్తములో వెదకి, లేదని వ్రాసికొనును. ఎలైసా కిట్టు పెట్టెపై ముద్రించిన మాటను వేదవాక్యముగ గైకొనరాదు. ఎస్ట్రాడయోలు అణువు మనుష్యునకును ఎలుకకును ఒక్కటియే. ల్యూటినైజింగ్ హార్మోను ప్రొటీను గనుక జాతినిబట్టి మారును, కావున మనుష్యులకై చేసిన కిట్టు దానిని ఎలుకయందు సరిగ గుర్తింపజాలదు. సీరమును క్రమముగ పలుచన చేసినపుడు వచ్చు రేఖ ప్రమాణరేఖకు సమాంతరముగ సాగుచున్నదో లేదో చూచు అలవాటుగల అభ్యర్థి, పది కోర్సుల ధ్రువపత్రములు తెచ్చినవానికంటె పరీక్షకుల మనస్సును త్వరగ గెలుచును.

జంతుశాస్త్రము, జీవరసాయనశాస్త్రము, ఫార్మకాలజీ, పశువైద్యము, వీనిలో ఏది చదివినను ద్వారము తెరచియే యున్నది. పరిశోధన కోరువారికి నెట్ పరీక్షద్వారా లభించు జె.ఆర్.ఎఫ్. రాజమార్గము, ముంబయిలో ప్రజనన, శిశు ఆరోగ్యములకు ప్రత్యేకించిన ఐ.సి.ఎం.ఆర్. సంస్థ కలదు. ప్రయోగశాల జంతువుల పోషణలో శిక్షణకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చిరకాల ఖ్యాతి. ఔషధ, రసాయన పరీక్షలు జరుపు ప్రయోగశాలలలో చేరదలచువారు ప్రజననముపై విషప్రభావమును పరీక్షించు ఓ.ఇ.సి.డి. 443వ మార్గదర్శకమును, సంస్థాగత జంతు నైతిక సంఘపు నియమములను చదివి పోవలెను. ప్రాణిని చేత పట్టుటకే మనసొప్పనివారు వేరుదారి చూచుకొనుట మేలు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాలయందు వన్యమృగముల పేడనుండియే హార్మోనుల జాడ తీయుదురు.

చదువు ముగియకముందే చేయదగిన పని యొకటి కలదు. కళాశాలలో మిల్లీగ్రామునందు పదవవంతును చూపు త్రాసు ఉన్నచో, పిపెట్టుతో 10 మైక్రోలీటర్ల నీటిని పదిమార్లు వేసి తూచి, ప్రతిమారును 10 మిల్లీగ్రాములకు ఎంత ఎడమైనదో వ్రాసికొని, ఆ కాగితమును ఇంటర్వ్యూకు తీసికొని పొండు.